ఎవరి చేతి టీ తాగుతాం?

రాబర్ట్ డి నొబిలి అనగానే మన మదురైలో అందరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది. కావి గుడ్డ, పావుకోళ్ళు, చేతిలో కమండలం. 1606లో ఇక్కడికి వచ్చిన ఈ ఇటలీ పాదిరి గొప్పింట పుట్టి కూడా మాంసం మాని, ఒంటిపూట తిని సన్యాసిలా బతికాడు, ఎంత వినయం అంటారు. తెలుగు చదివే మనకు ఇంకో ముచ్చట ఉంది. నాయక రాజుల భాష తెలుగు కాబట్టి ఆయన తమిళంతోపాటు తెలుగూ నేర్చుకున్నాడు. సంస్కృతం నేర్పిన శివధర్మ తెలుగు బ్రాహ్మణుడే. అంత చదివినవాడు పరాయి ఊళ్ళో మళ్ళీ అక్షరాలు దిద్దుకున్నాడంటే అది వినయమే, నేను కాదనను.

అయితే ఆయనకంటే ముందే ఇక్కడ గొంసాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు పాదిరి ఉన్నాడు. ఒకప్పుడు సిపాయి. చిన్న బడి నడిపాడు, రోగులకు మందులిచ్చాడు. ఊరివాళ్ళు ఆయన్ని 'పరంగి' అన్నారు. మాంసం తింటాడు, అందరినీ ముట్టుకుంటాడు అని ఆ మాటలో ఏవగింపు. నొబిలి 'నేను పరంగిని కాను, రాజకులంవాడిని' అని చెప్పుకొని వేరే ఇంట్లోకి మారాడు. వంట వేరు, పంక్తి వేరు. అలా కాకపోతే పెద్ద కులాలవాళ్ళు తన మాట వినరన్నది ఆయన లెక్క. గొడవ రోము దాకా పోయింది. 1623లో పోపు ఆయన పద్ధతికే ఒప్పుకున్నాడు. కింది కులాలవాళ్ళ కోసం పండారస్వాములని వేరే పాదిరులు బయల్దేరింది 1640లో!

ఫెర్నాండెజ్ పెద్ద మహాత్ముడేం కాదు. తన పోర్చుగీసు అలవాట్లే సరి అనుకున్న మనిషి, పైవాళ్ళకు ఫిర్యాదులూ రాశాడు. అయినా నా మనసు ఆయనవైపే పోతుంది. కావి కట్టినందుకు నొబిలికి గౌరవం పెరిగింది. మందులిచ్చినందుకు ఈయనకు పెరిగిందేమీ లేదు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడుగుతాడు. మనం అంతవరకే చెప్పుకుంటాం. పేతురు ముందు వద్దంటాడు, కడిగించుకోకపోతే నీకు నాతో పాలు లేదంటాడు క్రీస్తు. చేయడం ఒక్కటే కాదు, చేయించుకోవడానికీ మనసు వంగాలన్నమాట.

మన ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకే వస్తాను. వీధి ఊడ్చాం, చెట్లు నాటాం, ఫొటోలు దిగాం. ఆ వీధి అమ్మలు ఎండలో టీ కాచి స్టీలు గ్లాసుల్లో తెచ్చారు. సగం మంది "ఇప్పుడే తాగాం అత్తా" అన్నారు. పొద్దున్నుంచీ ఎవరూ తాగలేదు! ఆ అమ్మలకు అర్థం కాలేదనుకుంటున్నారా? గ్లాసులు మాట్లాడకుండా వెనక్కి తీసుకుపోయారు. అంతసేపు పట్టిన చీపురు ఆ ఒక్క మాటతో దండగైపోయిందని నాకనిపించింది. ఊడ్చేటప్పుడు మనం పైన, వాళ్ళు కింద. గ్లాసు అందుకుంటే సమానం అయిపోతాం కదా, ఇబ్బంది అక్కడే.

వచ్చే క్యాంపుకు పులిహోర పొట్లాలు కట్టుకుపోవద్దని మేడమ్‌గారికి నా విన్నపం. బియ్యం, పప్పు మనమే ఇద్దాం. వంట ఆ వీధిలోనే, వాళ్ళ చేతనే చేయిద్దాం, కూలి ఇద్దాం, వాళ్ళ పక్కనే కూర్చుని తిందాం. రానివాళ్ళు ఎవరో అప్పుడు తెలుస్తుంది.