తెరుచుకోని ఫైలు, తెలియని అప్పు

అప్పు లావాదేవీలను వ్రాసిపెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది. ఖుర్ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, ఈ విషయానికి సంబంధించినదే. అయితే వ్రాసిన లెక్కను తెరిచి చదవలేకపోతే వారసులు ఏం చేయాలి? ఈ ప్రశ్న ఇప్పుడు కంప్యూటర్ రూపంలో మన ఇళ్ళకు వచ్చింది.

ఆ మధ్య కోరుట్ల నుండి ఒక కుటుంబం మా వద్దకు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన ఇంటిపెద్ద మరణించారు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయన ఉర్దూలో టైపు చేసి పెట్టుకున్నారు. ఆస్తి పంపకానికి ముందే అప్పు తీర్చాలన్నది వారికి తెలుసు. కాని ఆ ఫైలు ఏ ఫోనులోనూ తెరుచుకోలేదు. పాడైపోయింది, తీసేయండని ఒక దుకాణంలో చెప్పారట! నిజానికి ఫైలు పాడవలేదు. దాని పేరు చివర ఐఎన్‌పీ అని ఉంది. అంటే అది ఇన్‌పేజ్ ఫైలు. 1994లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌తోనే ఎన్నో ఉర్దూ పత్రికలు, మదరసా పుస్తకాలు, పెళ్ళి కార్డులు తయారయ్యాయి. పాత ఇన్‌పేజ్ యూనికోడ్‌ను కాక తన సొంత సంకేతాలను వాడేది. అందువల్ల దానిని వర్డ్ గాని, ఫోను గాని చదవలేవు. ఉర్దూ డీటీపీ చేసేవారి కంప్యూటర్‌లో అది 2 నిమిషాలలో తెరుచుకుంది. పీడీఎఫ్‌గా మార్పించి, కాగితంపై అచ్చు తీయించి ఇచ్చాము. ఆ జాబితాలో ఇంటివారెవరూ ఎరుగని పేరు ఒకటి కనిపించింది.

తెలుగుకూ ఇదే చిక్కు ఉంది. అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైలును తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఆ ఫాంట్లు ఉన్నచోట అదే ఫైలు చక్కని తెలుగులో చదువుకోవచ్చు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి; మార్చిన తరువాత వత్తులను మాత్రం ఓపికగా సరిచూసుకోవాలి.

ఫైలు పేరులో చుక్క తరువాతి అక్షరాలు దాని ఇంటిపేరు వంటివి. విండోస్ వాటిని తరచు దాచిపెడుతుంది. వ్యూ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఎంచుకుంటే కనిపిస్తాయి. కొందరు పిల్లలు ఆ అక్షరాలు చెరిపి పీడీఎఫ్ అని వ్రాసేస్తారు. సీసాపై చీటీ మార్చినంత మాత్రాన లోపలి ఆముదం అత్తరు అవుతుందా? ఇంటిపేరు తెలియకపోతే ముందు ఫైలుకు నకలు తీసి, ఆ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్. పీ, కే అనే ఇంగ్లీషు అక్షరాలుంటే జిప్ గాని, కొత్త రకం వర్డ్, ఎక్సెల్ ఫైలు గాని కావచ్చు. చూసిన తరువాత సేవ్ చేయకుండా మూసేయాలి.

ఫైలు పరిమాణం 0 అని చూపిస్తే లోపల ఏమీ లేనట్లే. పంపినవారిని మళ్ళీ అడగడమే మార్గం. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగితే అది లోపం కాదు. పేరులోని మొదటి 4 ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, వాటి వెంట పుట్టిన సంవత్సరం కొట్టాలి. ఇటువంటి పత్రాలను దుకాణంలో వదిలి రాకండి. పక్కనే కూర్చుని పని చేయించుకోండి, అక్కడి కంప్యూటర్‌లో మిగిలిన నకలును తీయించి మరీ లేవండి.

పెన్‌డ్రైవ్ పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని కంప్యూటర్ అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. దానిపై కొత్తగా ఏమీ ఎక్కించకుండా, పోయిన డేటాను వెలికితీసే పని తెలిసినవారి వద్దకు తీసుకువెళ్ళండి.