ముందు షాకప్‌లు, బ్రేకులు: బాగుచేయించడమా, మార్చేయడమా?

పదేళ్లు దాటిన పల్సర్ 150. బ్రేకు పట్టగానే ముందు భాగం దబ్బున కిందికి దిగిపోతుంది. డిస్కు లివరు మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. గతుకులో పడ్డప్పుడల్లా హ్యాండిల్ దగ్గర టక్కుమని చప్పుడు. అమ్మితే పెద్దగా రాదు, కొత్తది కొందామంటే లక్ష దాటుతుంది. చేతిలో ఉన్నది ఓ పదివేలు. మన ఊళ్లలో లెక్కలేనంత మంది బళ్ల పరిస్థితి ఇది.

ఈ పదివేలు ఎక్కడ పెట్టాలన్న దానికి మెకానిక్ షెడ్లలో రెండు జవాబులు వినిపిస్తాయి. ఉన్న ఫోర్కును, అంటే ముందు షాకప్‌ల జతను, ఉన్న డిస్కు బ్రేకును పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ కొత్తదానిలా చేయించుకోమనేవాళ్లు కొందరు. ఆ ముందు సెట్టు మొత్తం పీకేసి పల్సర్ 220ది ఎక్కించమనేవాళ్లు మరికొందరు. రెండు వైపులా పని తెలిసినవాళ్లే ఉన్నారు. అందుకే ఒక మాటతో తేల్చేయకుండా కాస్త లోతుకు వెళ్లి చూడాల్సిన విషయం ఇది.

ఫోర్కునూ బ్రేకునూ వేరువేరు పనులుగా చూడటంతోనే సగం డబ్బు వృథా అవుతుంది. బ్రేకు పట్టినప్పుడు బండి బరువు ముందుకు జరుగుతుంది. గట్టిగా ఆపేటప్పుడు ఆపే పనిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు చక్రమే చేస్తుంది. ఆ భారమంతా ఫోర్కు స్ప్రింగుల మీద పడుతుంది. స్ప్రింగులు నీరసించి, ఆయిలు పాడై ఉంటే ఫోర్కు ఒక్కసారిగా అడుక్కి కొట్టుకుంటుంది. అప్పుడు ఎదురయ్యే చిన్న గుంతను కూడా అది సర్దుకోలేదు, చక్రం ఎగిరి పడుతుంది. నేలను వదిలిన టైరుకు ఎంత పెద్ద డిస్కు బిగించినా ఏం లాభం? పెద్ద బ్రేకు వేసి పాత ఫోర్కును అలాగే వదిలేయడం ఈ కారణంగానే నాకు నచ్చదు.

ఇక బాగుచేయించడం సంగతి. ఈ పని దగ్గరుండి చూసినవాళ్లకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. షాకప్ పై బోల్టు తీసి, పైపును తలకిందులు చేసి డబ్బాలోకి ఒంపినప్పుడు వచ్చే ఆయిలును చూడండి. కొత్త ఆయిలు తేటగా ఉంటుంది. ఏళ్ల తరబడి మార్చనిది బూడిద కలిపిన నీళ్లలా, కుళ్లు చేపల వాసనతో జారుతుంది. డబ్బా అడుగున సన్నటి లోహపు రజను మెరుస్తుంది. అదంతా లోపలి బుష్షులూ పైపూ ఒకదాన్నొకటి తినేసిన పొడి. ఇంజినాయిలు మూడు వేల కిలోమీటర్లకోసారి మార్పించే జాగ్రత్తపరులు కూడా ఫోర్కాయిలు అనేది ఒకటుందని మరిచిపోతారు.

తర్వాత పైపు మీద సీలు ఆడే చోట గోరుతో మెల్లగా గీసి చూడాలి. గోరుకు తగిలేంత తుప్పు గుంత ఉంటే కొత్త సీలు వేసినా ఎక్కువ కాలం నిలవదు, ఆ గుంత అంచే దాన్ని చీలుస్తుంది. అలాంటప్పుడు పైపులు మార్చాల్సిందే. ఎమరీ కాగితంతో రుద్ది సర్దేస్తానంటే ఒప్పుకోకండి. పైపులు బాగుంటే సీళ్లు, డస్టు సీళ్లు, ఆయిలుతో పని అయిపోతుంది. స్ప్రింగుల పొడవు కొలిచి సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుతో పోల్చాలి. హ్యాండిల్ దగ్గర టక్కుమంటున్నది చాలాసార్లు షాకప్ కాదు, హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్ సెట్టు. బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి, ముందు చక్రం గాల్లోకి లేపి, ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే ఆ కదలిక చేతికే తెలుస్తుంది.

షెడ్లలో తరచూ జరిగే ఒక పని గురించి ఇక్కడ చెప్పాలి. ముందు భాగం దిగిపోతోందనగానే చిక్కటి ఇంజినాయిలు పోసేస్తారు. ఈ తరగతి బళ్ల ఫోర్కుల్లో ఆయిలు చిన్న రంధ్రాల గుండా పోవడం వల్లే అదుపు వస్తుంది. రంధ్రం సైజు మారదు కాబట్టి ఫోర్కు ఎంత వేగంగా కదిలితే అడ్డు అంతకు మించి పెరుగుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు కాస్త నెమ్మదిగా దిగుతుంది, గుంతలో పడ్డప్పుడు చాలా వేగంగా కదులుతుంది. మొదటిదాని కోసం చిక్కటి ఆయిలు పోస్తే రెండోదానిలో ఫోర్కు బిగుసుకుపోయి దెబ్బంతా మణికట్లకు చేరుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడు, కంపెనీ చెప్పిన మి.లీ., రెండు వైపులా సమానంగా కొలిచి పోయడం: ఇంతకు మించిన చవకైన మేలు లేదు. స్ప్రింగు మీద వాషర్లో చిన్న పైపు ముక్కో పెట్టించడం వేరే సంగతి. దానివల్ల ముందు భాగం కాస్త పైకి లేస్తుంది. బరువైన మనిషికి అది ఉపయోగమే. కానీ స్ప్రింగు గట్టిదనం మాత్రం దానితో పెరగదు.

బ్రేకులోనూ ఇదే కథ. డాట్ 4 బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ద్రవానికి ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. అనంతగిరి ఘాట్లో అరకు నుంచి దిగుతూ బ్రేకు మీదే ఆధారపడ్డ బండికి కాలిపర్ వేడెక్కి, ద్రవంలో ఆవిరి బుడగలు పుడితే లివరు ఖాళీగా లోపలికి వెళ్లిపోతుంది. ఈ ద్రవం రెండేళ్లకోసారి మార్చాలి. దాని ఖరీదు ఒక పూట హోటలు భోజనం పాటి. కాలిపర్ పిన్నులు ఎండిపోతే ఒక ప్యాడే అరుగుతుంది. పిస్టన్ చుట్టూ బురద గట్టిపడితే ప్యాడ్లు వెనక్కి రాక డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. పాతబడిన రబ్బరు హోసు ఒత్తిడికి ఉబ్బి లివరును మెత్తగా చేస్తుంది. డిస్కు ఎంత పల్చబడేదాకా వాడొచ్చో దాని మీదే చెక్కి ఉంటుంది, చాలామంది చూడరు.

ఫోర్కు సర్వీసు, కోన్ సెట్టు, ప్యాడ్లు, ద్రవం, మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, కూలి అన్నీ కలిపినా, పైపులు బాగున్నంత వరకూ ఆ పదివేలలో సగం దాటడం అరుదు. మిగిలిన డబ్బుతో ముందు టైరు మార్చుకోవచ్చు. ఎండకు గట్టిపడి పగుళ్లు తేలిన టైరు మీద ఏ బ్రేకూ తన పని చేయలేదు.

ఇంత చెప్పాక రెండో పక్షం ఓడిపోయినట్టే అనిపించవచ్చు. కానీ వాళ్ల వాదనలో బలం ఉంది. పాత పల్సర్ 150 ఫోర్కు పైపు 31 మి.మీ., డిస్కు 240 మి.మీ. 2007లో వచ్చిన 220కి 37 మి.మీ. పైపు, 260 మి.మీ. డిస్కు ఇచ్చారు. గోడ మందం ఒకటే అనుకుంటే పైపు వంగకుండా నిలబడే బలం వ్యాసపు ఘనం (మూడో ఘాతం) లెక్కన పెరుగుతుంది. 31 నుంచి 37కు వెళ్తే దాదాపు 70 శాతం ఎక్కువ. ఒకవైపే డిస్కు ఉన్న బండిలో గట్టిగా బ్రేకు పట్టినప్పుడు సన్న ఫోర్కు కొంచెం మెలితిరుగుతుంది. హ్యాండిల్ ఒక పక్కకు లాగినట్టు అనిపించేది ఆ క్షణంలోనే. లావు ఫోర్కులో అది దాదాపుగా పోతుంది. డిస్కు పెరిగితే అదే చేతి బలానికి సుమారు 8 శాతం ఎక్కువ పట్టు, వేడి పంచుకోవడానికి ఎక్కువ లోహం. ఈ మార్పు మంచిదేనని కంపెనీయే 2018లో ఒప్పుకున్నట్టయింది. ఆ ఏడాది వచ్చిన రెండు డిస్కుల పల్సర్ 150కి 37 మి.మీ. ఫోర్కు, 260 మి.మీ. డిస్కు ఇచ్చి పంపింది.

వెనక మనిషినీ సామానునూ పెట్టుకుని నల్లమల ఘాట్ల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చేవాళ్లకు, రోజూ హైవే మీద లారీల మధ్య నలభై యాభై కిలోమీటర్లు ప్రయాణించేవాళ్లకు ఈ తేడా కాగితం మీది లెక్కగా మిగిలిపోదు. నిండు బరువుతో దిగుడులో మలుపు తిరుగుతూ బ్రేకు తాకించినప్పుడు బండి అనుకున్న గీత మీదే నిలబడటం ఎంత ధైర్యాన్నిస్తుందో వాళ్లకే తెలుసు. అలాంటివాళ్లను షోకు కోసం చేయిస్తున్నారని తీసిపారేయడం అన్యాయం.

అయితే ఆ 220 సెట్టు వచ్చేది ఎక్కడినుంచి? విజయవాడ ఆటోనగర్ నుంచో, హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాల నుంచో. అంటే తుక్కుకు వచ్చిన బండి నుంచి. బండి తుక్కు కావడానికి పెద్ద కారణాల్లో ఒకటి ప్రమాదం, అందులో ముందుగా దెబ్బ తగిలేది ముందు ఫోర్కుకే. పైకి మెరుస్తున్న పైపు కంటికి కనిపించనంత వంగి ఉండొచ్చు. మందపాటి గాజు పలక మీద పైపును దొర్లించి చూడాలి, ఎక్కడైనా కింద వెలుతురు కనిపించి మాయమైతే వదిలేయాలి. యాక్సిల్ సుత్తి లేకుండా రెండు వైపులా సాఫీగా దూరాలి. ఫోర్కు పైపులను పట్టి ఉంచే టీ మీద హ్యాండిల్ లాకు ఆనే చోట నలిగిన గుర్తులుంటే ఆ బండి గట్టిగానే గుద్దుకుందని అర్థం.

నన్ను మొదటి పక్షం వైపు మొగ్గేలా చేసేది ఇంకొకటి ఉంది. కొన్న పాత సెట్టుకూ సీళ్లు కావాలి, ఆయిలు కావాలి, కాలిపర్ విప్పాలి, ద్రవం మార్చాలి. ఇక్కడ తప్పించుకున్నామనుకున్న సర్వీసు ఖర్చు అక్కడ మళ్లీ ఎదురవుతుంది. సెట్టు ధర, దాని సర్వీసు, ఎక్కించే కూలి, మడ్‌గార్డు, స్పీడోమీటరు సర్దుబాట్లు కలిపితే పదివేలు చాలడం కష్టం. చాలకపోయినప్పుడు జనం కోత పెట్టేది కోన్ సెట్టు, సీళ్లు, ప్యాడ్ల మీదే. అలా ఎక్కించిన లావు ఫోర్కు, బాగా సర్వీసు చేసిన సన్న ఫోర్కు కన్నా అధ్వానంగా నడుస్తుంది.

కొలతల్లోనూ చిక్కు ఉంది. కొత్త ఫోర్కు పొడవు కాస్త తేడా వచ్చినా బండి ముందు ఎత్తు మారుతుంది. ముందు భాగం లేస్తే హ్యాండిల్ మందకొడిగా తిరుగుతుంది, దిగితే వేగంలో నిలకడ తగ్గుతుంది. టీలో పైపును ఎక్కడ బిగించాలో కొలిచి సర్దే మెకానిక్కు దొరకాలి. 220 ముందు భాగం ఫెయిరింగుతో బరువైనది, అందుకు తగ్గ స్ప్రింగులు తేలికపాటి మనిషి ఒక్కడే నడిపే 150లో గట్టిగా అనిపిస్తాయి. కాలిపర్ మారిస్తే దాని మాస్టర్ సిలిండర్ కూడా వెంట రావాలి. సైజు కుదరకపోతే లివరు రాయిలానో, మరీ మెత్తగానో తయారవుతుంది. కేటీఎం డ్యూక్ ఫోర్కు తెచ్చి టీ కోయించి, లేతు పని చేయించి ఎక్కించే వాళ్లనూ చూస్తున్నాం. పదివేల బడ్జెట్టులో, అందులోనూ ప్రాణం ఆధారపడే చోట వెల్డింగు పనికి నేను ఎప్పటికీ సరే అనను.

చట్టం సంగతీ పక్కన పెట్టలేం. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలు వచ్చింది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర పేచీ వచ్చే అవకాశం కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు వాటికి ఏబీఎస్ గానీ, రెండు బ్రేకులనూ కలిపి పట్టే సీబీఎస్ గానీ తప్పనిసరి అయ్యాయి. అలాంటి బళ్లలో డిస్కు, సెన్సారు రింగు, టైరు సైజు అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు.

డ్రమ్ము బ్రేకు బళ్లవాళ్లది కాస్త వేరే పరిస్థితి. పాత హోండా షైన్ లాంటివి 130 మి.మీ. డ్రమ్ముతోనూ, 240 మి.మీ. డిస్కుతోనూ వచ్చాయి. సీబీఎస్ రాకముందు బండి అయితే, మార్చాలనే పట్టుదల ఉంటే, అదే మోడల్ డిస్కు రకం సామాను వెతుక్కోవడం వేరే బండిది అతికించడం కన్నా ఎంతో సురక్షితం, చట్టం దృష్టిలో అదీ మార్పే అయినా. మంచి షూలు, సరైన కేబులు ఉన్న డ్రమ్ము ఊళ్లో తిరగడానికి బాగానే సరిపోతుంది. వరద నీళ్లలోంచి వచ్చాక మాత్రం దాన్ని నమ్మకూడదు, లోపల చేరిన నీరు ఆరేదాకా పట్టు రాదు.

ఊళ్లో ఆఫీసుకూ బజారుకూ తిరిగే బండికి నా ఓటు బాగుచేయించడానికే. మొదట ముందు టైరు, తర్వాత బ్రేకు ద్రవం, ప్యాడ్లు, ఆ తర్వాత ఫోర్కు, కోన్ సెట్టు వరుసలో డబ్బు పెట్టమంటాను. అయ్యాక రెండు మూడు నెలలు నడిపి చూడండి. అప్పటికీ నిండు బరువుతో ఘాట్లలో హ్యాండిల్ లాగుతుంటే, డబ్బు కూడబెట్టుకుని, నిటారుగా ఉన్న 220 సెట్టు దొరికేదాకా ఆగి, దాన్ని కూడా పూర్తిగా విప్పి సర్వీసు చేయించి ఎక్కించుకోవచ్చు. పై చట్టపు చిక్కు తెలిసి చేసే పని అది. ఎక్కించిన రోజే హైవే ఎక్కకండి. ఖాళీ రోడ్డు మీద 40 కి.మీ. వేగం నుంచి నెమ్మదిగా, పదేపదే ఆపుతూ ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయండి. వంద కిలోమీటర్లు తిరిగాక టీ బోల్టులు, యాక్సిల్, కాలిపర్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూపించండి.