అండమాను వెళ్తున్నారా? లిస్టులో సగం కొట్టేయండి, అమ్మానాయనల్ని తీసుకెళ్ళండి

"అండమానుకా? మేమేం నేరం చేసినాం రా నాయనా?"

టికెట్లు కొన్నానని ఫోన్లో చెప్పగానే మా నాయన అన్న మొదటి మాట ఇది. ఆయన తప్పేం లేదు. మా ప్రొద్దుటూరు వైపు ఆ వయసువాళ్ళకి అండమాను అంటే ద్వీపాంతరం, అంటే తిరిగిరాని చోటు. మనకేమో హనీమూను ఫోటోలు. ఒకే పేరు, రెండు తరాలు, రెండు అర్థాలు.

నేను బెంగుళూరులో సాఫ్టువేరు కూలీని. పోయిన ఏప్రిల్ చివర్లో పిల్లల పరీక్షలయ్యాక అమ్మని, నాయనని, మా ఆవిడని, ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఆరు రోజులు తిరిగొచ్చాను. వచ్చినప్పటినుంచీ ఆఫీసులో అడుగుతున్నారు, "ఏమేం చూడాలి, లిస్టు పంపు" అని. పంపను. ఎందుకంటే లిస్టు పట్టుకుని పోయి దెబ్బతిన్నవాణ్ణి నేను.

ముందు ఆ కథ చెప్తాను.

నా దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉండేది. ఆరు రోజులు, పదిహేడు చోట్లు, ఒక్కోదానికీ ఇన్ని నిమిషాలని. ప్యాకేజీ అమ్మినతను ఇచ్చినదానికి నా తెలివి కొంత జోడించి తయారుచేశా. మొదటిరోజు మధ్యాహ్నం సెల్యులార్ జైలుకి వెళ్ళాం. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు దాన్ని. అప్పట్లో ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. మా నాయన ఒక గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. గోడలు తడిమాడు. పైనున్న చిన్న కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను బయట వాచీ చూసుకుంటున్నా. షీటు ప్రకారం అప్పటికి మేం ఇంకో బీచిలో ఉండాలి.

"నాయనా, పోదాం పా, ఆలస్యమైతాంది" అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను.

ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఈడ మనుషుల్ని ఏండ్లకేండ్లు కూర్చోబెట్టినారంట. మనం పది నిమిషాలు నిలబడలేమా?" అన్నాడు.

ఆ రాత్రి ఆ షీటు డిలీట్ చేశా. నిజం చెప్తున్నా, మా ట్రిప్పు అక్కడ్నించే మొదలయింది.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. దీవులకి కుటుంబంతో పోయేటప్పుడు, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి ప్లాను వేసుకోండి. "పాపం, వాళ్ళకోసం సర్దుకుందాం" అని కాదు. వాళ్ళ వేగంతో నడిస్తేనే మనకీ ఏమైనా కనపడుతుంది కాబట్టి. ఇక దాన్నిబట్టి కొన్ని సలహాలు.

ఎలా వెళ్ళాలి. కడప, ప్రొద్దుటూరు వైపు వాళ్ళకి మద్రాసు సులువు. కర్నూలు వాళ్ళు బెంగుళూరో హైదరాబాదో చూసుకోవచ్చు. మద్రాసునుంచి విమానంలో రెండుంపావు గంటలు. ఓడలు కూడా ఉన్నాయి కానీ దాదాపు మూడు రోజులు పడుతుంది, పెద్దాళ్ళతో ఆ సాహసం వద్దు. పేర్లు మారాయి, కంగారు పడకండి. 2018 డిసెంబరులో రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ, హేవలాక్ కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ కి షహీద్ ద్వీప్ అనీ పెట్టారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. అక్కడ మాటల్లో మాత్రం పాతపేర్లే ఎక్కువ వినపడతాయి, నేనూ అవే వాడతా.

పొద్దు. మనకన్నా దాదాపు పద్నాలుగు డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అంటే సూర్యుడు గంట ముందు నడుస్తాడు. ఏప్రిల్లో ఐదింటికల్లా తెల్లారిపోయింది, సాయంత్రం ఐదున్నర దాటాక పొద్దుగూకింది. మనలాంటి ఐటీవాళ్ళు తొమ్మిదింటికి లేచి టిఫిన్లు చేసి పదకొండుకి బయల్దేరితే సగం రోజు పోయినట్టే. మా అమ్మానాయనలకి ఈ బాధ లేదు. నాలుగున్నరకే లేచి కూర్చుంటారు. వాళ్ళ టైముకి మేము మారాం. పొద్దున్నే బీచి, పదింటికల్లా వెనక్కి, భోజనం, నిద్ర, మళ్ళీ నాలుగింటికి. ఎండదెబ్బ లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు.

పడవ. హేవలాక్ కి పోయే ఫెర్రీ గంటన్నర నుంచి రెండున్నర గంటలు పడుతుంది, పడవని బట్టి. పెన్నలో ఇసుకే తప్ప నీళ్ళు చూడనివాళ్ళకి సముద్రం మీద కడుపులో తిప్పడం ఖాయం. కింది అంతస్తులో మధ్య సీట్లు అడగండి, ఊపు తక్కువ. తేలిగ్గా తిని ఎక్కండి. ఏ మాత్ర వేసుకోవాలో ఊళ్ళోనే మీ డాక్టరుని అడిగి తెచ్చుకోండి. ఒక రోజు హేవలాక్, మర్నాడు నీల్, ఆ సాయంత్రమే తిరుగు పడవ అని పెట్టుకోకండి. ఎక్కడైనా రెండు రాత్రులుండండి.

ఆటుపోట్లు. మనకి బొత్తిగా తెలియని విషయం ఇది. రోజుకి రెండుసార్లు నీళ్ళు వెనక్కి పోతాయి, రెండుసార్లు ముందుకొస్తాయి, ఆ వేళ రోజూ ముప్పావుగంటకి పైగా జరుగుతూ ఉంటుంది. నీల్ లో ఉన్న రాతి వంతెనలాంటి దాన్ని చూడాలంటే నీళ్ళు తగ్గినప్పుడే పోవాలి. అప్పుడు కూడా పాచిపట్టిన రాళ్ళమీద నడక, పెద్దాళ్ళకి నేను వద్దంటాను. రేపు పోటు ఎన్నింటికో హోటలువాళ్ళని అడగండి, దాన్నిబట్టి ప్లాను వేసుకోండి. మొసళ్ళ బోర్డు ఉన్నచోట మాత్రం నీళ్ళలో కాలు పెట్టొద్దు, ఆ బోర్డులు ఊరికే పెట్టలేదు.

చూడాల్సినవి. జైలు, రాస్, హేవలాక్ లో రాధానగర్ బీచి, నీల్ లో భరత్ పూర్ బీచి. అంతే. రాధానగర్ పడమటి ఒడ్డు, సాయంత్రానికి పెట్టుకోండి. అక్కడ మా నాయన పంచె ఎగ్గట్టి మోకాళ్ళ లోతులో ముప్పావుగంట నిలబడ్డాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. నేను కూడా వాచీ చూసుకోలేదు. భరత్ పూర్ దగ్గర అడుగున అద్దం ఉన్న పడవలుంటాయి, స్కూబా చెయ్యలేనివాళ్ళు కూడా పగడాల్ని చూడొచ్చు. గవ్వలు, పగడపు ముక్కలు మాత్రం ఏరి సంచిలో వేసుకోకండి. అక్కడ అది నేరం, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. మా చిన్నోడు ఏడ్చాడు, అయినా సరే.

వద్దనేది. బారటాంగ్. తెల్లవారుజామున మూడింటికి లేపి, కాన్వాయ్ లో అడవి దాటించి, సున్నపురాయి గుహలు చూపిస్తారు. గుహలు బాగానే ఉంటాయట. కానీ మన కొలిమిగుండ్ల పక్కన బేలం గుహలు మూడు కిలోమీటర్లకి పైగా ఉన్నాయి, అందులో కిలోమీటరున్నర దాకా దీపాల వెలుగులో నడవొచ్చు, అదీ మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినేలాగ. నేను వద్దనడానికి అసలు కారణం అది కాదు. ఆ రోడ్డు జరావాల అడవి మధ్యనుంచి పోతుంది. వాళ్ళు కొన్ని వందలమంది మాత్రమే. ఆ రోడ్డు మూసెయ్యమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో అక్కడి ఆడవాళ్ళచేత పర్యాటకులకోసం డాన్సు చేయించిన వీడియో బయటికొచ్చి పెద్ద గొడవయింది. ఫోటోలు తీయకూడదని, బండి ఆపకూడదని నియమాలున్నాయి, నిజమే. కానీ ఆ బస్సులో కూర్చున్న ప్రతివాడి కళ్ళూ గుహల కోసం కాదు, కిటికీ వైపే ఉంటాయని నాకు గట్టి అనుమానం. నా కళ్ళు కూడా అంతే కదా. అందుకే వెళ్ళలేదు.

ఇప్పుడు మా అమ్మ చూసిన రెండు సంగతులు. ఏ లిస్టులోనూ లేనివి.

మొదటిది రాస్ దీవిలో. బ్రిటిషువాళ్ళ కాలంలో అధికారం అంతా అక్కడినుంచే నడిచేది. ఇప్పుడన్నీ మొండిగోడలు, వాటిని చుట్టుకున్న ఊడలు, మధ్యలో తిరిగే జింకలు. నడవలేనివాళ్ళకి బ్యాటరీ బళ్ళున్నాయి. అందరూ జింకలతో సెల్ఫీలు తీసుకుంటుంటే అమ్మ ఒక కప్పులేని ఇంటి గడప మీద కూర్చుంది. మా అమ్మమ్మవాళ్ళ ఊరు గండికోట రిజర్వాయరు ముంపులో పోయింది. "ఈడ గోడలన్నా మిగిలినాయి రా" అంది. అంతే, ఇంకేం అనలేదు. మా పెద్దమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుని, "జేజీ, మీ ఇల్లు ఎట్లుండేది?" అని అడిగింది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని ప్రశ్న అది. ఆ అరగంట నేను ఏ ప్యాకేజీలోనూ కొనలేను.

రెండోది నీళ్ళు. పోర్ట్ బ్లెయిర్లో రెండోరోజు తెల్లారకముందే అమ్మ నన్ను లేపి కిటికీ దగ్గరికి పిలిచింది. కింద సందులో బిందెలు, డ్రమ్ములు, ప్లాస్టిక్ క్యాన్లు వరసగా. ఆ దృశ్యం నాకు కొత్త కాదు, పదో తరగతి దాకా నేను నిలబడ్డ వరసే అది. కానీ అక్కడ ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కడపలో ఏడొందలు.

లాడ్జిలో పనిచేసే కుర్రాడు తెలుగువాడే. అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు, 2011 లెక్కల్లో నూటికి పదమూడుమంది మాతృభాష తెలుగు, శ్రీకాకుళం వైపునుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. "ఎండాకాలం ఇంతేనమ్మా, రోజూ రావు" అన్నాడు. వాన ఎంత పడినా వాలు నేల మీదనుంచి సముద్రంలోకి జారిపోతుంది. నిలవ చేసే చోటు తక్కువ. ఊరికి ముఖ్యమైన ఆధారం ధనీఖారీ ఆనకట్ట. జనవరినుంచి వానలు తగ్గుతాయి, ఏప్రిల్ కి అది అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడే మనం సెలవులకి దిగుతాం, ఉప్పునీళ్ళలో ఆడొచ్చి రోజుకి రెండుసార్లు షవరు కింద నిలబడతాం.

"సుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఇదేం కరమం రా" అంది అమ్మ. నాయన నవ్వి, "మనకు పక్కనే పెన్నేరు లేదా, అట్లనే" అన్నాడు.

ఆ రోజునుంచి మా గదుల్లో షవరు బంద్. మనిషికొక బకెట్టు, మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న రూలే. పిల్లలు గొణిగారు. అమ్మ వాళ్ళకి బట్టలు ఉతికిన నీళ్ళు చెట్లకి పోసిన కథలు చెప్పి ఒప్పించింది. మా ఆరుగురివల్ల ఆనకట్ట నిండిపోతుందని కాదు. నీళ్ళ వరసలో పెరిగినవాళ్ళం, ఇంకోచోట అదే వరస చూసి కర్టెన్ వేసుకోవడం సిగ్గనిపించింది. అందుకని నా సలహా, వేసవి సెలవుల్లో పోకండి. డిసెంబరు, సంక్రాంతి సెలవులు మంచివి. ఎప్పుడు పోయినా బకెట్టు లెక్క మర్చిపోకండి.

తిండి. కటిక రొట్టెలు, శెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు తీసుకెళ్ళండి. తొక్కు డబ్బా చేతిసంచిలో పెడితే ఆపుతారు, పెద్ద పెట్టెలో వేసేయండి. చేపలు తినేవాళ్ళకి పండగే. రాగిసంగటి మాత్రం దొరకదు, ఆరు రోజులు ఓర్చుకోండి :)

ల్యాప్ టాప్. ఒకప్పుడు అండమానులో నెట్ రాదని చెప్పి తప్పించుకోవచ్చు. 2020 ఆగస్టులో మద్రాసునుంచి సముద్రం అడుగున కేబులు వేశాక ఆ సాకు కూడా పోయింది. నేను హేవలాక్ లో కొబ్బరిచెట్టు కింద కూర్చుని గంటసేపు మీటింగులో ఉన్నాను. అయ్యాక అమ్మ అడిగింది, "నువ్వు సెలవు పెట్టినావా, లేకుంటే ఆఫీసునే ఈడికి తెచ్చినావా?" అని. సమాధానం లేదు. మీరు తేకండి.

ఇప్పుడు ఊళ్ళో మా నాయన్ని ఎవరైనా "ఏం చూసినావు అన్నా?" అని అడిగితే ఆ జైలుగది గురించి చెప్తాడట, తర్వాత సముద్రం వెనక్కి పోవడం గురించి. పదిహేడు చోట్లలో మేం చూసింది ఏడు. ఆయనకి గుర్తున్నవి రెండు. నాకు ఆ లెక్క చాలు.

సెలవుల డబ్బులు మళ్ళీ సంపాదించుకోవచ్చు. మోకాళ్ళు పనిచేసే అమ్మానాయనలు మాత్రం వచ్చే ఏటికి వాయిదా వేసుకునే సంగతి కాదు. టికెట్లు కొనండి. లిస్టు రాసుకోండి. తర్వాత కూర్చుని సగం కొట్టేయండి.