ఒక్క పాయింటు ఖరీదు

మీ పోటీదారుడిపై వేటు పడబోతోంది. మీరు నోరు మెదపకపోతే చాలు, లాభం మీకే. ఏం చేస్తారు?

1958 ఆగస్టు, పోర్చుగల్ గ్రాండ్ ప్రి. వాన్‌వాల్ కారులో స్టిర్లింగ్ మాస్ గెలిచాడు. ఫెరారీలో మైక్ హాథార్న్ సెకండ్. కానీ చివర్లో కారు ఆగిపోతే, ట్రాక్‌పై ఎదురు దిశలో నడిపాడని హాథార్న్ మీద ఫిర్యాదు వచ్చింది. అతను నడిపింది ట్రాక్ మీద కాదు, పక్కనున్న పేవ్‌మెంట్ మీదని మాస్ స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పాడు. హాథార్న్‌కి 7 పాయింట్లు దక్కాయి.

సీజన్ ముగిసింది. హాథార్న్ 42, మాస్ 41!

నాలుగు రేసులు గెలిచిన మాస్‌కి కాక, ఒక్కటే గెలిచి ఐదింట్లో సెకండ్ వచ్చిన హాథార్న్‌కి టైటిల్ వెళ్లింది. మాస్‌కి ఆ తర్వాతా ప్రపంచ టైటిల్ అందలేదు. చాంపియన్ల లిస్టులో అతని పేరు వెతికినా దొరకదు. నిజాయతీ లిస్టు ఎవరైనా రాస్తే మాత్రం, పోల్ పొజిషన్ మాస్‌దే!