ఐదు నిమిషాల్లో వస్తా...

మొన్న దసరా సెలవులకి ఎమ్మిగనూరు వెళ్ళినప్పటి సంగతి. మా పాపకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ. బడివాళ్ళు గడియారం బొమ్మలున్న వర్క్‌షీట్లు ఇచ్చి పంపారు. ఒక్క సాయంత్రంలో నేర్పించేద్దామని కూర్చున్నా. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా మరి!

"పెద్దముల్లు 3 మీదుంటే ఎంత?"

"మూడు."

"కాదమ్మా, పదిహేను."

"మూడనే రాసుంది కదా నాన్నా?"

నాలుగోసారికి నా గొంతు పెరిగింది. పాప ఏడుపు అందుకుంది. వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతున్న మా అమ్మ అక్కణ్ణించే అరిచింది: "ఏమ్రా, పసిబిడ్డను అట్ల ఏడిపిస్తాండావు? మూడో తరగతి దాంక గడియారం చూసేది రాల్యా నీకు!"

నిజమే. ఆలోచిస్తే తప్పు పాపది కాదు. ఒకే అంకెకి రెండు అర్థాలు పెట్టి ప్రోగ్రామ్ రాస్తే నేనే తిట్టిపోస్తాను. గడియారం చేసేది అదే కదా! పైగా ఈ వయసులో కాలమనే ఊహే ఇంకా కుదురుకోదు. పిల్లలూ కాలమూ అన్న విషయం మీద పియాజే 1946లోనే ఒక పుస్తకం రాశాడు. రెండు బొమ్మలు ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగినా, ఎక్కువ దూరం పోయిన బొమ్మే ఎక్కువసేపు నడిచిందంటారట చిన్నపిల్లలు.

అలాగని పాపకి టైం తెలీదా? మా అమ్మ అడిగింది, "మీ నాయన ఆదోనికి ఎప్పుడు పోయినాడు పాపా?" అని.

"ఉగ్గాని తిన్నాక."

"ఎప్పుడొచ్చినాడు?"

"నువ్వు రొట్టెలు కొట్టకముందు అవ్వా."

కోడి కూసే పొద్దు, అంబటి పొద్దు, దీపాలు పెట్టే పొద్దు... మా అమ్మ లెక్కా ఇదే. ముందూ వెనకా తెలిస్తే చాలు, అంకెలు తర్వాత వాటంతటవే వస్తాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. "నాన్నా, ఐదు నిమిషాలంటే ఎంత?" అనడిగింది. నేను చెప్పేలోపే, "నువ్వు ఫోన్లో మాట్లాడేంతా?" అంది. పొద్దున ఆదోని స్టేషన్ బయట పాపని వాళ్ళమ్మ దగ్గరుంచి, "ఐదు నిమిషాల్లో వస్తా" అని పక్కకెళ్ళి ఆఫీసు కాల్ మాట్లాడాను. నలభై నిమిషాలు పట్టింది. పాప లెక్కలో ఐదు నిమిషాలంటే అదే. వర్క్‌షీట్ కంటే ముందే నేను తప్పు పాఠం నేర్పేశానన్నమాట.

నా అభిప్రాయం ఏంటంటే, గడియారం అనేది ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషుల ఒప్పందం. గడియారం మాటలో ఉన్న గడియ 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. ఇప్పుడు 24 గంటలంటున్నాం. మన దేశం టైం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర్నించి పోతుంది. ఆదోని ఉన్నది 77.3 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 21 నిమిషాల తేడా. అంటే ఆదోనిలో గడియారం 12 కొట్టినా, సగటున మరో 21 నిమిషాలకి గానీ సూర్యుడు నడినెత్తికి రాడు! అయినా అందరం పన్నెండే అంటున్నాం, ఎందుకంటే ఒప్పుకున్నాం కాబట్టి. ఒప్పందాన్ని పిల్లలకి నేర్పాలంటే ముందు మనం నిలబెట్టుకోవాలి కదా.

అందుకే వర్క్‌షీట్లు పక్కన పెట్టేశా. గోడగడియారం మీద చిన్నముల్లు 8 దగ్గర ఉగ్గానికి పసుపు చుక్క, రాత్రి నిద్రకి 9 దగ్గర నీలం చుక్క అతికించాం. పెద్దముల్లుతో ఒక్కటే పని. సాయంత్రం అది 6 మీదకి రాగానే ల్యాప్‌టాప్ మూసేస్తానని మాటిచ్చా. మొదటి రోజు "ఇంకొక్క ఐదు నిమిషాలు" అనబోయాను. పాప ఏమీ అనలేదు, గడియారం వంక చూసి నా వంక చూసింది. మూసేశాను.

పదిహేను నిమిషాల సంగతి రెండో క్లాసులో చూసుకుంటాం, తొందరేం లేదు. ఇంతకీ మీ ఇంట్లో ఐదు నిమిషాలంటే ఎంతసేపు?