మెడలో తాడు, మెదడులో గడ్డ

అమావాస్య రోజు సాయంత్రం నార్కట్‌పల్లి నుంచి చెర్వుగట్టు వైపు మళ్లే ఆటోల్లో ఇలాంటి జంట ఒకటైనా కనిపిస్తుంది. మగమనిషి మూతి ఒక పక్కకు లాగి ఉంటుంది, కుడిచెయ్యి తనది కానట్టు ఒళ్లో పడి ఉంటుంది. మలుపుల్లో అతను ఒరిగిపోకుండా భార్య భుజం ఆనించి కూచుంటుంది. కాళ్ల దగ్గర సంచిలో చాప, దుప్పటి, కొబ్బరికాయలు, రాత్రికి గిన్నెలో ఇంత అన్నం. జడల రామలింగేశ్వరస్వామి గుట్ట మీద అమావాస్య రాత్రి నిద్ర చేస్తే మొండిరోగాలు వదులుతాయని నల్లగొండ జిల్లాలో బలమైన నమ్మకం. పక్షవాతాన్ని మించిన మొండిరోగం ఏముంటుంది?

అదే నార్కట్‌పల్లిలో, హైదరాబాద్–విజయవాడ హైవే మీద, పాతికేళ్లుగా వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. గుట్టకూ దానికీ నడుమ కొద్ది కిలోమీటర్లే. చెయ్యీ కాలూ పడిపోయిన మనిషిని ఆ కొద్ది దూరం దాటించడానికి కొన్ని కుటుంబాలకు మూడు అమావాస్యలు పడుతుంది.

గుట్ట ఎక్కడం నేరమేమీ కాదు. ఎప్పుడు ఎక్కారు, ఎవరి భుజం మీద ఎక్కారు అన్నవే అసలు ప్రశ్నలు.

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తెల్లారేసరికి మనిషి ఒక పక్క పడిపోయి ఉంటే వినిపించే మొదటి మాట "గాలి సోకింది". చీకట్ల చింతచెట్టు కిందికెళ్లి వచ్చిండనో, వేళగాని వేళ వాగు దాటిండనో కారణం కూడా అప్పటికప్పుడే దొరుకుతుంది. రెండో మాట ఇంకా చెడ్డది: "ఎవలో చేసిండ్రు." గెట్టు పంచాయితీ ఉన్న పాలోళ్లో, ఊరి చివర ఒంటరిగా బతికే ముసలమ్మో ఆ "ఎవలో" స్థానంలోకి వచ్చి కూచుంటారు. మంత్రాల నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఇప్పటికీ ఆగలేదు. రక్తనాళంలో ఇరుక్కున్న చిన్న గడ్డ నుంచి హత్య కేసు దాకా దారి అంత పొట్టిది.

ఈ గాలి రోగం పేరులోనే ఉంది. పక్షం అంటే ఒక పక్క, వాతం అంటే గాలి. చరకసంహిత దీన్ని వాతరోగాల్లో చేర్చింది. ఆ లెక్క పాతదే కావచ్చు, కానీ అది కారణాన్ని రోగి ఒంట్లోనే వెతికింది, చింతచెట్టు మీద వెతకలేదు. ఒంటిలోపలి వాతం జనం నోట బయటి గాలి అయ్యి, గాలి కాస్తా దయ్యం అయినట్టుంది. ఇంగ్లీషువాళ్లేం తక్కువ తినలేదు, దేవుడు కొట్టిన దెబ్బ అనుకునే దీనికి స్ట్రోక్ అని పేరు పెట్టుకున్నారు. 1658లో యోహాన్ వెప్ఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు అలా చనిపోయినవాళ్ల శవాలను కోసి, మెదడులో నెత్తురు చిందిన చోటు చూపించాడు. మెదడుకు పోయే రక్తనాళం పూడుకుపోవడమో, చిట్లడమో ఈ రోగం. ఎక్కువ మందిలో జరిగేది పూడుకుపోవడమే. దాని వెనక ఉండేవి బీపీ, షుగరు, పొగాకు, లయ తప్పిన గుండె.

గడ్డను కరిగించే ఇంజక్షను ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. దానికి ముందు స్కానింగ్ తీసి నెత్తురు చిందలేదని తేల్చుకోవాలి, ఎందుకంటే చిందిన మెదడుకు అదే మందు విషం. ఈ లోపు గడిచే ప్రతి నిమిషానికీ సగటున 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. ఆ గంటలు ఊళ్లో ఎట్లా ఖర్చవుతాయి? పావురం కోసం మనిషిని తోలుతారు. దాన్ని కోసి, వెచ్చటి నెత్తురు పడిపోయిన పక్కకు రుద్దుతారు. ఆ నెత్తురు చర్మం దాటి లోపలికి పోదు. పావురం చావడం తప్ప అక్కడ జరిగేది ఏమీ లేదు.

పసరు అంత అమాయకమైంది కాదు. గొంతు కండరాలు సగం పడిపోయిన మనిషికి నోట్లోనో ముక్కులోనో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. దిగితే కొద్ది రోజులకే జ్వరం, దగ్గు, ఆయాసం. ఆ మనిషి పోతే "గాలి గట్టిగ పట్టింది" అని తీర్పు. బతికితే పత్యం మొదలు. "ఇంగ్లీషు గోలీలు కడుపుల ఉంటే పసరు పారది" అని బీపీ గోలీలు మాన్పిస్తారు. రెండోసారి పక్షవాతం తెచ్చుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇదంతా పల్లెటూరి అజ్ఞానమని నవ్వుకునే పట్నంవాళ్ల కోసం ఒక పాత కేసు. 1868 అక్టోబరులో పారిస్ నగరంలో లూయీ పాశ్చర్‌కు ఎడమపక్క పడిపోయింది. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. పేరుమోసిన వైద్యులు వచ్చి చెవుల వెనక జలగలు పట్టించారు. ఆయన లేచాడు, కుంటుతూ నడిచాడు. ఎడమచెయ్యి మాత్రం మునుపటిలా రాలేదు. పిచ్చికుక్క కాటుకు 1885లో టీకా తెచ్చింది ఆ మనిషే. జలగలే లేపాయని అప్పుడెవరైనా నమ్మి ఉంటే తప్పు పట్టలేం. కళ్ల ముందు జరిగిన వరస అదే మరి: జలగ పట్టించారు, మనిషి లేచాడు.

పసరు వైద్యుడి పేరు నిలబడేదీ ఆ వరస మీదే. లక్వా సంగతే తీసుకుంటే, మెదడుకు ఏమీ కాకుండా మొహానికి పోయే నరం ఒక్కటే వాచి మూతి వంకరపోయే రకం ఒకటుంది. ఏ మందూ వేయకుండా ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించిన డెన్మార్క్ వైద్యుడు పీటర్సన్, నూటికి 71 మందికి మొహం పూర్తిగా మామూలైందని 2002లో తేల్చాడు. అంటే నాటువైద్యుడు కళ్లు మూసుకుని ఆకు నలిపినా పది మందిలో ఏడుగురు దండం పెట్టి పోతారు. ఇక కొందరికి గడ్డ కాసేపు అడ్డుపడి దానంతట అదే తొలగిపోతుంది. పొద్దున పడిపోయిన చెయ్యి మధ్యాహ్నానికి లేస్తుంది. అది రాబోయే పెద్ద దెబ్బకు ముందస్తు హెచ్చరిక. పావురం నెత్తురు మహిమగా చెలామణి అయ్యేది ఎక్కువగా ఇదే. ఆసుపత్రికి పోవాల్సిన కుటుంబం ఊరంతా పప్పుబెల్లాలు పంచి ఊరుకుంటుంది.

అసలైన పక్షవాతంలోనూ మెదడు తనను తాను కొంత సర్దుకుంటుంది. కోపెన్‌హేగెన్‌లో వెయ్యి మందికి పైగా రోగుల వెంట నడిచి చూసిన అధ్యయనంలో, రోజువారీ పనుల్లో వచ్చే మెరుగు నూటికి 95 మందిలో మొదటి మూడు నెలల్లోనే వచ్చేసిందని 1995లో తేలింది. మూడు నెలలంటే మూడు అమావాస్యలు. నిద్ర చేసినా చేయకపోయినా ఆ కాలంలో వచ్చే మెరుగు వస్తుంది. దాని ఖ్యాతి మాత్రం గుట్టకు పోతుంది.

మరి మెరుగు రాకపోతే? అప్పుడు లెక్క భార్య పేరు మీద రాస్తారు.

పక్షవాతం చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో పావురం కన్నా, పసరు కన్నా క్రూరమైంది తాళిబలం. మొగుడు పడిపోయిన రోజు నుంచి ఇంటికి వచ్చే ప్రతి చుట్టమూ "నీ పుస్తెలు గట్టియి, ఏం గాదు తియ్యి" అంటుంది. ఓదార్పు లాగే ఉంటుంది. కానీ ఆ మాటలో మెలిక ఉంది. ఆయన బతకడం ఆమె పుస్తెల గట్టిదనం అయితే, ఆయన లేవకపోవడం ఎవరి లోపం? నెల దాటేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. ముట్టుతో ఉండి ముట్టుకున్నావా? శనివారం ఒక్కపొద్దు తప్పావా? జాన్‌పహాడ్ దర్గాకు మొక్కి ముడుపు కట్టడం మరిచావా? అరవై కిలోల మనిషిని రోజుకు పదిసార్లు లేపి కూచోబెట్టే ఆడమనిషి ఒంటిపూట తిండితో నడుం విరుచుకుంటుంది. ఆమెకూ బీపీ ఉంటుంది. ఎవరూ చూడరు.

ఈ తంతుకు పురాణం వెన్నుదన్ను. కుష్ఠురోగి మొగుణ్ని భుజాన మోసుకుని అతను కోరిన వేశ్య ఇంటికి తీసుకుపోయిన సుమతి కథ హరికథల్లో, నాటకాల్లో, సినిమాల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. మొగుడు పొద్దు పొడవగానే చస్తాడని శాపం తగిలితే పొద్దునే పొడవకుండా ఆపింది ఆమె. ఆడమనిషి తలుచుకుంటే సూర్యుడే ఆగినప్పుడు, పడిపోయిన కాలు ఎందుకు లేవదు అని అడగడం దాని తర్వాతి మెట్టు. మహాభారతం ఆదిపర్వంలో రురుడి కథ కూడా ఉంది. పాము కాటుకు చచ్చిపోయిన, తను పెళ్లాడబోయే ప్రమద్వర కోసం తన ఆయుష్షులో సగం ఇచ్చేశాడు. నన్నయ తెలుగులో కూడా ఉన్న కథే. రురుడి పేరు మీద నోము పట్టిన మగవాడు ఈ రెండు జిల్లాల్లో ఉన్నట్టు వినలేదు.

మరి ఆడమనిషి పడిపోతే? చాలా ఇళ్లలో వెతికేది ఆమె తల్లినో, చెల్లినో, పెద్దకూతుర్నో. వాళ్లెవరూ లేకపోతే తల్లిగారింటికి తోలిస్తారు. "మొగోడు ఏం జేస్తడు" అన్న ఒక్క మాటతో మొగుడి బాధ్యత తీరిపోతుంది. పాలమూరులో ఈ మాట ఇక చెల్లదు. కొడుకులూ కోడళ్లూ వలసపోయి ముంబైలోనో పుణెలోనో మేస్త్రీల కింద పని చేస్తుంటారు. ఊళ్లో మిగిలేది ముసలాయన, ముసలమ్మ. ఒకరు పడిపోతే ఇంకొకరే దిక్కు. అన్నం కలపడం, బట్ట మార్చడం ఆడపని అనే ఆచారం అక్కడ ముసలమ్మ ప్రాణం మీదికి వస్తుంది.

దయ్యం మళ్లీ తలుపు తట్టేది రోగి ఇంటికొచ్చాక. పక్షవాతం తర్వాత కొందరికి ఏడుపూ నవ్వూ అదుపు తప్పుతాయి. చావు కబురు చెప్తే నవ్వుతారు, చాయ్ ఇస్తే ఏడుస్తారు. మెదడులో ఉద్వేగాలకు పగ్గం వేసే దారులు తెగడం దానికి కారణం. ఊరికి మాత్రం అది ఒంట్లో చేరిన ఇంకెవరో. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమపక్క ప్రపంచమే ఉండదు. పళ్లెంలో కుడివైపు అన్నమే తింటారు, తమ ఎడమచేతినే ఎవరిదో అంటారు. "సచ్చినోని చెయ్యి అంటుకున్నది" అని అంత్రం కట్టించే సందర్భం ఇదే. మాట పోయిన మనిషి సంగతి ఇంకా చిత్రం. మంచినీళ్లు అడగలేని ఆడమనిషి బతుకమ్మ పాట ఎత్తుకుంటే గొంతు కలపవచ్చు, ఎందుకంటే పాటకు మెదడు వాడుకునే దారులు మాటవి ఒక్కటే కావు. 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఈ సంగతినే ఆధారం చేసుకుని రాగంతో మాట నేర్పే పద్ధతి తయారుచేశారు. ఇక్కడ అదే చూసి అత్త "నటిస్తున్నది" అంటుంది, పక్కింటామె "అమ్మోరు పలికింది" అంటుంది. రెండూ తప్పే.

హేతువాది తన వైపు లెక్క కూడా చూసుకోవాలి. ఇంటివాళ్లకు వ్యాయామాలు నేర్పి, వాళ్ల చేతనే చేయిస్తే రోగి తొందరగా కోలుకుంటాడని వైద్యులకూ ఒక ఆశ ఉండేది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో పరీక్షించారు. ఫలితం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది: ఆరు నెలల తర్వాత చావుల్లోగానీ, ఇంకొకరి మీద ఆధారపడటంలోగానీ మామూలు వైద్యానికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పరిశోధకులకు నిరాశే మిగిలింది. భార్యలకు మాత్రం అది నిర్దోషులని వచ్చిన తీర్పు. మనిషి ఎంతవరకు లేస్తాడన్నది ఎక్కువగా మెదడు ఎంత చెడింది, ఎంత తొందరగా ఆసుపత్రికి చేరాడు అన్న వాటి మీద ఉంటుంది. ఒక్కపొద్దుల మీద లేదు, చివరికి ఆమె ఎంత ఒళ్లు వంచింది అన్నదాని మీద కూడా అంతగా లేదు.

అలాగని ఆమె చేసే పని వృథా కాదు. రెండు గంటలకోసారి పక్క మార్చితే పుండ్లు పడవు. నిటారుగా కూచోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం తగ్గుతుంది. పడిపోయిన చెయ్యి పట్టి గుంజకపోతే భుజం కీలు జారదు. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి ఎక్కించాలి, విప్పేటప్పుడు చివర తియ్యాలి. బీపీ గోలీ ఒక్క రోజూ తప్పకూడదు. ఇవి పసుపుతాడుతో పాటు వచ్చే విద్యలు కావు. మగవాడికైనా వారం రోజుల్లో పట్టుబడతాయి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే పింఛను వస్తుంది, తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలు చేశారు. ముడుపుల ఖర్చు రాసిపెట్టుకునే ఇళ్లలో ఈ దరఖాస్తు సంగతి చాలామందికి తెలియదు.

చట్టం కూడా నిద్రపోతున్నది. మందులు, మంత్రచికిత్సల ప్రకటనల చట్టం 1954 నాటిది. ఫలానా రోగం నయం చేస్తామని ప్రకటన ఇవ్వకూడని 54 రోగాల పట్టికలో పక్షవాతం పేరు స్పష్టంగా ఉంది. తాయెత్తు, మంత్రం, కవచం అన్న మాటలు చట్టం నిర్వచనంలోనే ఉన్నాయి. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. అయినా బస్టాండు గోడల మీద "పక్షవాతం గ్యారంటీగా నయం" అన్న రాతల కింద ఫోను నంబరు కూడా ఉంటుంది. పోలీసు కానిస్టేబులు కూడా అక్కడే బస్సు కోసం నిలబడతాడు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద విడిగా చట్టాలు చేసుకున్నాయి. తెలంగాణలో అలాంటి చట్టం ఇంకా రాలేదు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. చెర్వుగట్టులో, జాన్‌పహాడ్‌లో, మన్యంకొండలో జాతర రోజున తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పే మైకు ఉంటుంది. ఆలయ కమిటీలు, దర్గా ముజావర్లు ఆ మైకులో గంటకోసారి ఈ నాలుగు మాటలు చెప్పించాలి: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా గుట్ట ఎక్కకండి, 108కి ఫోన్ చెయ్యండి, మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.