సేనానిని తప్పుపట్టిన సైనికుడు

1863 జూలై 3, మధ్యాహ్నం కావస్తోంది. అమెరికా అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ పోరులో దక్షిణాది సేన ఫిరంగుల దగ్గరున్న ఎడ్వర్డ్ పోర్టర్ అలెగ్జాండర్‌కు జనరల్ లాంగ్‌స్ట్రీట్ చీటీ అందింది. మన గుళ్లకు శత్రువు చెదరకపోతే దాడికి దిగవద్దని, దాడి చేయాల్సిన జనరల్ పికెట్‌కు నువ్వే చెప్పమని దాని సారాంశం. వేలమంది ప్రాణాల పూచీ 28 ఏళ్ల కర్నల్ నెత్తిన పెట్టడమంటే ఇదే. వేరే మార్గం ఉంటే కాల్పులు మొదలుపెట్టకముందే ఆలోచించమని ఆయన బదులు రాశాడు. ఎవరూ ఆలోచించలేదు. మందుగుండు అడుగంటుతుండగా, వచ్చేదుంటే వెంటనే రమ్మని పికెట్‌కు కబురు పెట్టాడు. సుమారు 12,500 మంది కదిలారు. సగానికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు.

యుద్ధం ముగిశాక అలెగ్జాండర్ దక్షిణ కరోలినాలో లెక్కల పాఠాలు చెప్పి, తర్వాత రైల్వేల్లోకి వెళ్లాడు. జార్జియాలోని సెంట్రల్ రైల్వే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

అసలు పని ఆ తర్వాతే. 1897లో నికరాగ్వా, కోస్టారికాల సరిహద్దు తగాదా తీర్చే మధ్యవర్తిగా నికరాగ్వాలోని గ్రేటౌన్ చేరి, కూతురు అడిగిందని అక్కడే యుద్ధ జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టాడు. ప్రచురణ కోసం మళ్లీ రాసిన చరిత్ర 1907లో వెలువడింది. అప్పటికి దక్షిణాదిలో, ఆ సేనను నడిపిన జనరల్ లీ దాదాపు దేవుడు. ఆయన్ని ఎంతో గౌరవిస్తూనే, 1862లో షార్ప్స్‌బర్గ్ దగ్గర నిలబడి పోరాడటం తప్పన్నాడు అలెగ్జాండర్. గెటిస్‌బర్గ్ దాడికి ఎంచుకున్న చోటునూ తప్పుపట్టాడు. తనను తానూ వదల్లేదు. లీ సేన లొంగిపోయిన రోజున, సైనికులు తుపాకులతో అడవుల్లోకి చెదిరిపోవాలని లీకి సలహా ఇచ్చింది తానేననీ, లీ జవాబు విన్నాక సిగ్గుపడ్డాననీ రాసుకున్నాడు. ఓడిన పక్షం నుంచి ఇంత నిక్కచ్చిగా రాసినవాళ్లు అరుదు. అందుకే ఈ పుస్తకమంటే నాకు గౌరవం.

కానీ ఆ నిక్కచ్చితనం బానిసత్వం దగ్గర ఆగిపోయింది. గ్రేటౌన్ రాతప్రతి 1989లో పుస్తకమైంది. చార్లీ అనే బానిస కుర్రాణ్ణి యజమాని దగ్గర అద్దెకు తీసుకున్నాననీ, పియర్ పళ్లు దొంగిలించినందుకు ఒకసారి, యాపిల్ బ్రాందీ దొంగిలించి తాగినందుకు ఒకసారి కొట్టాననీ అందులో తేలిగ్గా చెప్పుకుపోతాడు. ఫిరంగి ఎక్కడ పెట్టాలన్నది పేజీలకు పేజీలు తర్కించిన మనిషికి, ఆ పిల్లవాణ్ణి అద్దెకు తెచ్చుకోవడం ప్రశ్నగానే తోచలేదు. దక్షిణాది సేన దేన్ని నిలబెట్టడానికి పోరాడిందో చార్లీ గురించిన ఆ మాటల్లోనే ఉంది. అమెరికా అంతర్యుద్ధం గురించి చదవాలనుకునేవారు 1907 చరిత్రతో ఆగకండి, 1989లో వచ్చిన పుస్తకం కూడా చదవండి.